ష్లీరెన్‌లో ఏముంది

స్విట్జర్లాండ్ విస్తీర్ణం 41,285 చదరపు కిలోమీటర్లు. మన పాత అనంతపురం, కర్నూలు జిల్లాలు రెండూ కలిపితే ఎంతో, దానికన్నా కాస్త పెద్దది. తూర్పు నుంచి పడమటికి 350 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు గుంతకల్లు నుంచి తిరుపతికి రైల్లో పోయినంత దూరం. ఈ లెక్క నాది కాదు, మా నాన్నది. వచ్చే మే నెలలో అమ్మా, నాన్నా, నేనూ కలిసి ఆ దేశంలో ఎనిమిది రోజులు రైళ్ళలో తిరుగుదామని అనుకున్న రోజున ఆయన చేసిన మొదటి పని ఇది. లెక్క చూసుకుని "ఇంత చిన్న దేశానికి ఎనిమిది రోజులెందుకమ్మా, నాలుగు చాలవా?" అన్నాడు. మర్నాడు వాళ్ళ రైల్వే మ్యాపు ఫోన్లో తీసి చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ కాస్త నేల మీద ఐదు వేల కిలోమీటర్ల పైచిలుకు పట్టాలున్నాయి. "నెలైనా చాలదు" అన్నాడు.

నాన్న గుంతకల్లులో టీఎక్స్ఆర్‌గా చేసి రిటైరయ్యాడు. టీఎక్స్ఆర్ అంటే ట్రైన్ ఎగ్జామినర్. బండి ఆగగానే అందరూ టీకీ నీళ్ళకీ పరిగెడుతుంటే, పెట్టెల కిందికి వంగి టార్చిలైటు వేసి చూసుకుంటూ పోయే మనిషి కనిపిస్తాడే, ఆయన. స్ప్రింగు విరిగిందా, బ్రేకు అరిగిందా, యాక్సిల్ బాక్సు చెయ్యి పెట్టలేనంత వేడెక్కిందా అని చూసి, బండి కదలొచ్చని రాసిచ్చేవాడు. ముప్పై నాలుగేళ్ళు రైళ్ళను అడుగు నుంచి చూసినవాడు. మేం ఎక్కడికి పోయినా పాసు మీదే పోయాం. పెళ్ళికో, చావుకో, తిరుపతికో. ఊరు చూద్దామని మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయినేడాది గుండెకు స్టెంటు వేసిన తర్వాత, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే దారిలో కార్లో కూర్చుని ఆయన నోటి నుంచి మొదటిసారి ఆ మాట వచ్చింది: ఒకసారి స్విస్ రైళ్ళు చూడాలని.

మా బంధువుల్లో స్విట్జర్లాండ్ చూసొచ్చినవాళ్ళు ముగ్గురు నలుగురున్నారు. అందరూ ప్యాకేజీ టూర్లలో బస్సు మీద పోయినవాళ్ళే. అందరూ చూసింది ఒకటే. యుంగ్‌ఫ్రౌ, టిట్లిస్, ఇంటర్‌లాకెన్, ఒక సాయంత్రం జూరిక్. టిట్లిస్ మీద షారుఖ్, కాజోల్ అట్టబొమ్మల పక్కన ఒక ఫొటో, ఇంటర్‌లాకెన్‌లో 2016లో పెట్టిన యశ్ చోప్రా విగ్రహం పక్కన ఇంకొకటి. నేనేం వెక్కిరించడం లేదు. అమ్మకు తెలిసిన స్విట్జర్లాండ్ కూడా సినిమా పాటల్లో చూసిందే. "అంత చలిలో ఆ పిల్లలు పల్చటి చీరలు కట్టుకుని ఎట్లా ఎగిరినారో పాపం" అని ఇప్పటికీ జాలిపడుతుంది.

ప్యాకేజీ అయితే ఈ తలనొప్పులేవీ ఉండవు. మన సొంతానికి పోతే వీసా కాగితాల్లో ఏ రోజు ఎక్కడుంటామో వరసగా రాసివ్వాలి. ఎనిమిది గడుల పట్టిక ఒకటి గీసి భోజనాల బల్ల మీద పెట్టాను. మూడు వారాలు ఆ కాగితం అక్కడే ఉంది. దాని మీద పప్పు మరక కూడా పడింది.

మొదట్లో నాన్న భయమంతా కనెక్షన్ల గురించే. గుంతకల్లు జంక్షన్‌లో బతికినవాళ్ళకు కనెక్షన్ అంటే ఏమిటో తెలుసు. హుబ్లీ వైపు బండి ఆలస్యమై, బెంగుళూరు బండి వెళ్ళిపోతే, పిల్లాజెల్లా పరుపుచుట్టలతో రాత్రంతా ప్లాట్‌ఫారం మీద పడుకున్న కుటుంబాలను ఆయన ముప్పై నాలుగేళ్ళు చూశాడు. ఇప్పుడు నేను చూపించిన ప్లానులో ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కడానికి ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు అని ఉంది. "మీ అమ్మ మోకాళ్ళకు ఆరు నిమిషాలంటే ఒక ప్లాట్‌ఫారం దిగడానికి చాలదు" అన్నాడు.

"పోతే పోనీ నాన్నా. గంటకు ఇంకోటుంటుంది."

"ఏ బండి?"

"అదే బండి."

అక్కడి నుంచి మొదలైంది ఆయనకు పిచ్చి. ఉదయం 7 దాటి ఇన్ని నిమిషాలకు ఒక స్టేషన్లో రైలుంటే, 8 దాటి అన్నే నిమిషాలకు ఉంటుంది, 9కీ 10కీ రాత్రి దాకా అంతే. ముఖ్యమైన దారుల్లో అరగంటకొకటి. నిమిషం ఒకటి గుర్తుంటే చాలు, గంట గుర్తుండనక్కర్లేదు. ఆయన నోటుపుస్తకంలో నాలుగు ఊళ్ళకు వరసలు రాసుకుని, పైనుంచి కిందికి చదివి, "ఇది టైమ్‌టేబుల్ కాదమ్మా, ఎక్కం" అన్నాడు.

ఈ ఎక్కం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1970ల్లో స్విస్ రైల్వేలో కొందరు కుర్ర ఇంజనీర్లు ఆఫీసు పని అయిపోయాక కూర్చుని దీన్ని తయారుచేశారు. వాళ్ళ గుంపుకు పిచ్చోళ్ళ క్లబ్బు అని అర్థమొచ్చే పేరుండేది. 1982 మే నెలలో దేశమంతటా గంటకో రైలు మొదలైంది. తర్వాత దాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకుపోవాలా వద్దా అని 1987లో ప్రజల్ని ఓటడిగారు. టైమ్‌టేబుల్ కోసం ఓటింగు! జనం సరే అన్నారు. ఆ మెట్టు ఏమిటంటే, పెద్ద జంక్షన్లలో అన్ని దిక్కుల రైళ్ళూ గంట కొట్టేముందు వచ్చి చేరతాయి, సంతకొచ్చినట్టు. ఒకదాని జనాన్ని ఇంకోదానికి అప్పజెప్పి, గంట దాటగానే ఎవరి దారిన వాళ్ళు పోతాయి. ఇది కుదరాలంటే రెండు జంక్షన్ల మధ్య ప్రయాణం గంటకు కొంచెం తక్కువగా ఉండాలి. జూరిక్, బెర్న్ మధ్య అప్పటిదాకా గంటకు పైనే పట్టేది. అందుకని మధ్యలో కొత్త లైను వేసి, 2004 డిసెంబరులో దాన్ని 56 నిమిషాలకు తెచ్చారు. ఇంకా తగ్గించవచ్చు, కానీ అవసరం లేదు. ముందే పోయి జంక్షన్లో కూర్చుని చేసేదేముంది?

నాన్న దీన్ని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. పాలవాడికి కూడా చెప్పాడు. "స్పీడు కోసం కాదు, గంట కోసం లైనేసినారు."

ఇంత చెప్పాక వాళ్ళ స్టేషన్ గడియారం సంగతి కూడా చెప్పాలి. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఆయన రూపొందించాడు. తర్వాత చేర్చిన దాని ఎర్ర సెకన్ల ముల్లు గార్డు చేతిలో ఎత్తి చూపించే పలక ఆకారంలో ఉంటుంది. అది ఒక చుట్టు దాదాపు 58.5 సెకన్లలో తిరిగేసి, పైన ఆగి, అసలు నిమిషం అయ్యేదాకా ఎదురుచూస్తుంది. నిమిషానికోసారి ఆ ముల్లు ఊపిరి తీసుకుంటుందన్నమాట. నాకు ఆ దేశంలో ఎక్కువగా చూడాలనిపించింది ఇదే అని నాన్నతో అంటే, దానికి టిక్కెట్టు ఉండదు కదా అన్నాడు.

కనెక్షన్ల భయం పోయాక ప్లాను సులువవుతుందనుకున్నాం. కాలేదు. ఎక్కడి నుంచి ఎక్కడికైనా గంట గంటకూ పోవచ్చు అన్నప్పుడు, రైలు లేదు గనక వద్దు అనే సాకు ఒక్కదానికీ మిగల్లేదు. ఇక ప్రతిదాన్నీ మేమే వద్దనుకోవాలి. మన దగ్గరైతే సగం నిర్ణయాలు రైల్వేవాళ్ళే చేసిపెడతారు.

రోజుకో ఊళ్ళో సామాను దించుకోవడం అమ్మ వల్ల కాదు. కాబట్టి లూసర్న్‌లో ఐదు రాత్రులు, తూర్పున ఖూర్‌లో రెండు, చివర జూరిక్‌లో ఒకటి. ("ఊరి పేరే కూరా?" అంది అమ్మ.) రోజూ పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి చీకటిపడే లోపల అదే గదికి రావడం. దేశం చిన్నదైతే ఉన్న సుఖం ఇదొక్కటే. లూసర్న్ నుంచి రీగి కొండకు ఒక రోజు ఇచ్చాం. పడవలో విట్స్‌నావ్ దాకా పోయి, అక్కడ కొండ రైలెక్కడం. 1871లో వేసిన ఆ లైను ఐరోపాలో మొట్టమొదటి పళ్ళపట్టా కొండ రైలు. మధ్యలో ఉన్న పళ్ళపట్టాను ఇంజను కింది చక్రం పట్టుకుని ఎగబాకుతుంది. మన ఊటీ రైలు కూడా అంతే, దాని పళ్ళపట్టా రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి. దాని ఆవిరి ఇంజన్లు చాలావరకు అక్కడి వింటర్‌టూర్ నుంచి వచ్చినవే. ఊటీ పాసు మీద పోయొచ్చాం కాబట్టి నాన్నకు అది బాగా తెలుసు.

పాసు అంటే గుర్తొచ్చింది. జీవితమంతా పాసు మీద తిరిగిన మనిషి ఇప్పుడు డబ్బిచ్చి పాసు కొనాలి. అది ఆయనకు మింగుడుపడడానికి రెండు రోజులు పట్టింది. విదేశీయులకు అక్కడ ముఖ్యంగా రెండు దారులు. అన్ని రోజులకూ కలిపి ఒక ట్రావెల్ పాసు తీసుకుంటే రైళ్ళు, బస్సులు, చెరువుల్లో పడవలు, ఊళ్ళలో ట్రాములు, చాలా మ్యూజియంలు అన్నీ అందులోనే. రీగి కూడా అందులోనే. రెండోది సగం ధర కార్డు, ఎక్కడికి పోయినా సగం టిక్కెట్టు. ఏది లాభమన్నది యుంగ్‌ఫ్రౌ దగ్గర తేలుతుంది. ఆ కొండ రైలు పై భాగానికి పాసు చెల్లదు, కొంత తగ్గింపు మాత్రమే ఇస్తారు. సగం ధర కార్డుకైతే సగం తగ్గుతుంది. మా లెక్కలో, కొండెక్కితే కార్డు, ఎక్కకపోతే పాసు.

ఎక్కాలా? 1896లో మొదలుపెట్టి 1912లో పూర్తిచేసిన లైను. చివరి ఏడు కిలోమీటర్లు కొండ కడుపులో సొరంగం. పైన స్టేషను 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. దీన్ని కలగన్న గుయెర్-జెల్లర్ అనే ఆయన 1899లోనే పోయాడు, పైదాకా రైలు పోవడం చూడలేదు. చూడకుండా రావడమేమిటని తమ్ముడు బెంగుళూరు నుంచి గోల. స్విట్జర్లాండ్ పోయి యుంగ్‌ఫ్రౌ చూడకపోతే తిరుమలకు పోయి దర్శనం చేసుకోకుండా వచ్చినట్టేనట. నాన్నకు మందులిచ్చే గుండె డాక్టరు మాత్రం కాగితం చూసి 3,454 కింద గీత గీశాడు. గాలిలో ఆక్సిజన్ ఇక్కడికన్నా మూడో వంతు తక్కువ ఉండే చోటికి, స్టెంటు వేసిన ఏడాదికి, సొరంగంలో కూర్చోబెట్టి తీసుకుపోవద్దన్నాడు. రెండు వేల పైచిలుకు మీటర్లయితే కాసేపు ఉండి రావచ్చు, మెల్లగా నడవమన్నాడు.

నాన్నేమీ అనలేదు. సొరంగంలో చూసేదేముందిలే అన్నాడు. ఆ రాత్రి నోటుపుస్తకంలో యుంగ్‌ఫ్రౌ పేజీని చింపలేదు, మడిచిపెట్టాడు.

చిక్కొచ్చింది అమ్మ దగ్గర. ఈ మూడు వారాల్లో ఆమె ఏ ఊరి పేరూ ఎత్తలేదు, మీరు ఏది చూపిస్తే అది చూస్తానంది. గట్టిగా అడిగితే ఒక్క మాట చెప్పింది: "మంచు చేత్తో పట్టుకోవాల. అంతే." మే నెలలో రీగి మీద ఉంటుందో ఉండదో, ఆ కొండ 1,800 మీటర్లు కూడా లేదు. మంచు గట్టిగా ఉండే చోటికి నాన్న రాకూడదు. నాన్నను కింద కూర్చోబెట్టి మేమిద్దరం పోతామా అంటే, అమ్మ ఆ మాట పూర్తి కానివ్వలేదు.

దారి బెర్నినా లైను మీద దొరికింది. ఖూర్ నుంచి బయల్దేరి, కొండలు దాటి, ఇటలీలోని టిరానోకు దిగే మీటర్ గేజి. ఈ దారిని 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన మీద వంపు తిరుగుతూ వెళ్ళి నిట్రాయి గోడలోకి దూరిపోయే ఎర్ర రైలు ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, అది ఈ దారిలోదే. పైన ఓస్పిజియో బెర్నినా అనే స్టేషను 2,253 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి టిరానోకు, అంటే 429 మీటర్లకు, పళ్ళపట్టా ఏమీ లేకుండా మామూలు పట్టాల మీదే దిగుతుంది. నూటికి ఏడు మీటర్ల వాలు. నాన్న భాషలో వన్ ఇన్ ఫోర్టీన్. గోవా ఘాట్‌లో వన్ ఇన్ థర్టీసెవెన్‌కే ముందూ వెనకా ఇంజన్లు తగిలించడం చూసినవాడు. నేనేదో తప్పు చదివానని మూడుసార్లు అడిగి రాయించుకున్నాడు.

ఈ దారిలో పైకప్పు దాకా అద్దాలున్న బెర్నినా ఎక్స్‌ప్రెస్ పేరు అందరికీ తెలుసు. పాసు ఉన్నా దానికి విడిగా డబ్బు కట్టి సీటు రిజర్వు చేసుకోవాలి. అదే పట్టాల మీద, అదే వంతెనల మీద, ఇంచుమించు గంటకొకటి మామూలు రైళ్ళు కూడా పోతాయి. ఒకటి రెండు చోట్ల మారాలంతే. రిజర్వేషన్ అక్కర్లేదు, కొన్ని పెట్టెల్లో కిటికీ కిందికి దించొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, నచ్చిన చోట దిగిపోయి తర్వాతి బండి ఎక్కొచ్చు. ఎక్స్‌ప్రెస్‌లో సీటు ఆ ఒక్క బండికే. నేను చదివిన వ్యాసాలన్నీ ఎక్స్‌ప్రెస్‌నే పొగిడాయి. నా ఓటు మాత్రం మామూలు బండికే, అద్దంలోంచి మంచును చూడొచ్చు గానీ పట్టుకోలేం. ఓస్పిజియో బెర్నినాలో ముగ్గురం దిగుతాం. ఆ ఎత్తులో మే మొదట్లో మంచు మామూలుగా ఉంటుంది. నాన్న స్టేషను దగ్గర కూర్చుంటాడు. అమ్మ పది అడుగులు వేసి వంగి తీసుకుంటుంది. గంటకు ఇంకో బండి. ఎక్కం ఎందుకు పనికొస్తుందని ఎవరైనా అడిగితే ఇందుకని చెబుతాను.

అలా ఏడో రోజు దాకా గడులు నిండుతూ వచ్చాయి. ఎనిమిదో గడిలో నాన్న తనే పెన్ను తీసుకుని ష్లీరెన్ అని రాశాడు.

ఏ గైడు పుస్తకంలోనూ నాకు ఆ పేరు కనిపించలేదు. జూరిక్ పక్కన చిన్న ఊరు, లోకల్ రైల్లో పది నిమిషాలు. తమ్ముడు ఫోన్లోనే మ్యాపు తెరిచి చూసి, "అక్కడేముంది నాన్నా? అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు. మన మణికొండలా ఉంది" అన్నాడు.

మద్రాసు పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 అక్టోబరు 2న మొదలైంది, నెహ్రూ ప్రారంభించాడు. అక్కడ తయారుచేసిన ఉక్కు పెట్టెల నమూనా, పరిజ్ఞానం ఇచ్చింది స్విస్ కార్ అండ్ ఎలివేటర్ కంపెనీ. దాని ఫ్యాక్టరీ ఉన్న ఊరు ష్లీరెన్. మనం చిన్నప్పటి నుంచి ఎక్కిన పెట్టెలు, మొదట ఎర్రవి, తర్వాత నీలం రంగువి, వాటికి ఆ ఊరే మూలం. పెరంబూరులో ఆ నమూనా పెట్టెలు చేయడం 2018 జనవరిలో ఆపేశారు. వాటి స్థానంలో జర్మన్ నమూనావి వచ్చాయి. ష్లీరెన్ ఫ్యాక్టరీ అయితే అంతకు చాలా ముందే మూతపడింది. నాన్నకు ఇదంతా తెలుసు. నాకన్నా ముందే తెలుసు. రైల్వేలో చేరిన కొత్తలో శిక్షణ ఇచ్చినప్పుడు బోగీ బొమ్మ కింద ఆ పేరు చూశాడట. అప్పుడు అది ఊరి పేరో మనిషి పేరో కూడా తెలియదు.

"లేని ఫ్యాక్టరీని చూడ్డానికి ఎవరైనా పోతారా?" అన్నాడు తమ్ముడు.

"ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసినానురా ఆ బోగీలతో. పుట్టిల్లు చూడొద్దా?" అన్నాడు నాన్న.

అమ్మ వంటింట్లోంచే, "నా పుట్టింటికి ఎన్నిసార్లు వచ్చినాడో అడగండి" అంది.

నాన్న నవ్వాడు గానీ మాట మార్చలేదు. ఆ బోగీలో చక్రాల ఇరుసుకూ పై చట్రానికీ మధ్య స్ప్రింగు లోపల నూనె గిన్నెలాంటి ఏర్పాటొకటి ఉంటుంది, కుదుపు తగ్గించడానికి. డాష్‌పాట్ అంటారు. దాంట్లోంచి నూనె కారిపోతూ ఉంటుంది. కారిందాన్ని మళ్ళీ పోయాలి, మట్టం చూడాలి. ఎన్ని వేల పెట్టెల కింద దూరి పోశాడో. "వాళ్ళనొక మాట అడగాల. ఆ నూనె ఎందుకు కారుతుందని" అన్నాడు. అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు నాన్నా అంటే, తెలుసమ్మా అన్నాడు.

లూసర్న్‌లో పెద్ద రవాణా మ్యూజియం ఉంది. అక్కడ పాత ఇంజన్లు, పెట్టెలు బోలెడున్నాయి, దాన్ని బదులుగా పెడదామని చూశాను. దానికీ వస్తానన్నాడు, దీన్నీ వదలనన్నాడు. సరే, రానూపోనూ అరగంట దారి. మిగతా సమయం ఆ ఊరి స్టేషన్లో బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే బండ్ల కిందికి చూస్తాడేమో. వీసా కాగితంలో ఎనిమిదో రోజు "జూరిక్, ష్లీరెన్" అని టైపు చేశాను. కౌంటరులో కాగితాలు తీసుకున్న అమ్మాయి ఆ పేరు మీద వేలు పెట్టి, బంధువులున్నారా అని అడిగింది. నాన్న ఉన్నారన్నాడు. నేను లేరన్నాను. ఆమె మా ఇద్దరినీ చూసి, ఏమీ రాసుకోకుండా పేజీ తిప్పింది.

ఇక పట్టికలో ఐదో రోజు ఒక్కటే మిగిలింది. వీసా కాగితంలో ఖాళీ ఉంచకూడదు గనక "లూసర్న్" అని మాత్రం రాశాను. నాన్న దాని మీద కన్నేసి ఉన్నాడు. గోట్‌హార్డ్ కింద 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల సొరంగంలోంచి పోయి, 1882 నాటి పాత లైను మీదుగా తిరిగి రావాలంటాడు. పాత లైను ఎత్తు ఎక్కడానికి కొండలో మెలికలు తిరుగుతుంది, అందువల్ల వాసెన్ అనే ఊరి చర్చి మూడుసార్లు, మూడు ఎత్తుల్లో కనిపిస్తుంది. అమ్మకు మూడుసార్లు దణ్ణం పెట్టుకునే వీలుంటుందని నన్ను ఒప్పించాలని చూస్తున్నాడు.

"నీకేం చూడాలనుందో నువ్వింతవరకూ చెప్పనేలేదే" అంది అమ్మ.

ఐదో రోజు నాది అని చెప్పాను. పొద్దున లూసర్న్ స్టేషనుకు పోయి, ఏ ప్లాట్‌ఫారం మీద ఏ బండి ఉంటే అది ఎక్కుతాను. పాసు ఎలాగూ ఉంటుంది. మీరిద్దరూ కావాలంటే రావచ్చు. నాన్న దీనికి ఇంకా ఒప్పుకోలేదు. ఎక్కే బండి నంబరు తెలీకుండా ఇల్లు కదలడమేమిటంటాడు. నిన్న ఆ గడిలో పెన్సిలుతో చిన్నగా "గోట్‌హార్డ్?" అని రాసిపెట్టి ఉంది. నేను చెరపలేదు. ప్రయాణానికి ఇంకా నెలన్నర ఉంది.